మల్‌గ్రేవ్ స్ట్రీట్‌లో బోర్లించిన పడవ

వెల్లింగ్టన్‌లో గొడుగు కొనకూడదు. ఈ ముక్క నాకెవరూ ముందు చెప్పలేదు. 2011 జూన్‌లో ఉద్యోగానికని న్యూజిలాండ్‌లోని ఆ ఊళ్లో దిగాను. మూడు వారాల్లో రెండు గొడుగులు పోయాయి. రెండోదాన్ని రైల్వే స్టేషన్ ముందున్న చెత్తడబ్బాలో పడేద్దామని వెళ్తే, అందులో అప్పటికే నాలుగు గొడుగులు ఊచలు విరిగి పడున్నాయి. కుక్ జలసంధి మీదుగా ఊరి మీదకొచ్చే గాలి అలాంటిది. ఉత్తరపు గాలి తోస్తుంది, దక్షిణపు గాలి కోస్తుంది.

ఆ రోజు దక్షిణపు గాలి, దానికి తోడు వాన. మధ్యాహ్నం ఏదో తిందామని ఆఫీసు నుంచి బయటికొచ్చి మల్‌గ్రేవ్ స్ట్రీట్‌లో ఇరుక్కుపోయాను. పక్కనే తెల్లరంగు వేసిన చెక్క చర్చి ఉంది. రోజూ దాని ముందు నుంచే నడుస్తున్నా ఒక్కసారి కూడా లోపలికి చూసింది లేదు. చుట్టూ అంత పెద్ద పెద్ద ఆఫీసులు పెట్టుకుని మధ్యలో దాన్ని ఎవరో తీయడం మర్చిపోయారన్నట్టు ఉండేది. తలుపు తీసుంది, దూరాను. భక్తి కాదు, చరిత్ర మీద ఆసక్తి అంతకంటే కాదు. చొక్కా తడవకుండా ఉంటే చాలనుకున్నానంతే.

లోపల ముందు ఏమీ కనపడలేదు. కళ్లు సర్దుకున్నాక తెలిసింది, ఆ చీకటంతా కర్ర రంగని. గోడలు కర్ర, స్తంభాలు కర్ర, కప్పు కర్ర, కింద నేల కర్ర. తేనె పాకం ముదిరితే వచ్చే రంగు. రంగు అద్దాల కిటికీల్లోంచి పడ్డ వెలుగు బల్లల మీద అక్కడో మరక, ఇక్కడో మరక. నీళ్లు కారుతున్న జుట్టుతో ఒక బల్ల మీద కూలబడి తలెత్తి చూశాను.

తాతయ్య పడవ.

ఇది వివరించాలంటే తాళ్లరేవు దాకా వెళ్లాలి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో వస్తుంది. కోరంగి పక్క ఊరు. మా అమ్మ నాన్నగారు అక్కడ కర్ర నావలు చేసేవారు. ఆ ప్రాంతంలో నావలు చేయడం నిన్నమొన్నటి పని కాదు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, 1839 తుఫాను ఉప్పెనకి అది పోయింది. రేవు పోయినా పనితనం పోలేదు, కాలవగట్టు వెంట పాకల్లో బతికింది. తాతయ్య పాకలో ఒకటి ఎప్పుడూ సగం తయారై నిలబడి ఉండేది. అడుగు దుంగ, దాని మీంచి రెండు పక్కలా లేచిన పక్కటెముకల్లాంటి వంపు కర్రలు, వాటి మీద పలకలు. వంపు కర్రలకి నల్లతుమ్మ, పలకలకి టేకు. వంపు కోసం కర్రని కోయడం తాతయ్యకి ఇష్టం ఉండేది కాదు. చెట్టులోనే ఆ వంపున్న కొమ్మ దొరికేదాకా తిరిగేవారు. ఆయనతో చేలగట్ల మీద నడుస్తుంటే మాటల మధ్యలో ఆగి, ఎవరిదో తుమ్మచెట్టుకేసి సంబంధం చూడ్డానికొచ్చినవాడిలా ఎగాదిగా చూస్తుండేవారు.

పెద్ద నావల సంగతి మగపిల్లల సంగతి. నాది చిన్న నావలు. అడుగు బాగుచేయడానికి వాటిని బోర్లించి దిమ్మల మీద పెట్టేవారు. వేసవి మధ్యాహ్నాలు నేను దాని కింద దూరిపోయేదాన్ని. వెల్లకిలా పడుకుంటే పైన వరసగా వంపు కర్రలు, పలకల సందుల్లోంచి సన్నటి వెలుతురు గీతలు. బయట తాతయ్య ఆ సందుల్లో దూది కుక్కుతూ గుగ్గిలం పూస్తుంటే ఆ గీతలు ఒక్కొక్కటే ఆరిపోయేవి. చివరి గీత కూడా ఆరిపోయాక, "అమ్మడూ, ఇంకేమన్నా కనపడుతోందా?" అని అడిగేవారు. కనపడట్లేదంటే పని అయిపోయినట్టు. నేనేదో పనికొచ్చే మనిషినని నాకు మొదట అనిపించింది అక్కడే.

ఆ వానరోజు మల్‌గ్రేవ్ స్ట్రీట్‌లో పైకి చూస్తే కనపడింది అదే. రెండు పక్కల నుంచీ లేచి, పైన కొప్పు దగ్గర కలుసుకున్న వంపు కర్రలు, వాటి మీద పలకలు. వెలుతురు గీతలు మాత్రం లేవు. ఎవరో పని పూర్తి చేసేశారు.

వాసన కూడా అదేనని రాస్తే బావుండేది గానీ అబద్ధం అవుతుంది. తాతయ్య పాకలో చేపనూనె కంపుకి మా అమ్మమ్మే ముక్కు మూసుకునేది. ఇక్కడ మైనం, పాత పుస్తకాలు, ఎండిన కర్ర. ఏ పోలికా లేదు.

ఆ తర్వాత వారానికి రెండుసార్లయినా వెళ్లేదాన్ని. టికెట్ లేదు, పెట్టెలో తోచింది వేయడమే. తలుపు దగ్గర బల్ల వేసుకుని ఒక పెద్దావిడ కూర్చునేది. జీతం లేకుండా, ఇష్టంతో వచ్చి సందర్శకులకి చెప్పేవాళ్లలో ఒకావిడ. ఓ రోజు ఎవరూ లేరనుకుని ఒక స్తంభం మీద వేలి కణుపులతో తట్టి చెవి ఆనించాను. తాతయ్య అలవాటు అది. కర్ర ఎండిందా, లోపల డొల్లా, చేవ ఎంతుంది, అన్నీ తట్టి చెప్పేవారు. నాకేమీ తెలీదు, ఊరికే తట్టానంతే. వెనక నుంచి, "లోపల పుచ్చిందేమోనని చూస్తున్నారా?" అని వినపడింది. చచ్చాననుకున్నాను. తాతయ్య పడవలు చేసేవారని తడబడుతూ చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. "అయితే మీకు ఇది నేను చెప్పాలి" అని నన్ను నడిమధ్యకి తీసుకెళ్లింది.

చర్చిలో జనం కూర్చునే ఈ పొడుగాటి నడిమి భాగాన్ని ఇంగ్లీషులో నేవ్ అంటారు. లాటిన్‌లో ఓడని నావిస్ అంటారు, దాన్నుంచే వచ్చిందని చెప్పింది. నేను నవ్వేశాను. మా భాషలో పడవని నావ అంటామండీ, సంస్కృతం నుంచి వచ్చిన మాట, ఆ రెండూ ఒకే వేరు నుంచి పుట్టినవే అన్నాను. ఆవిడ చేతిలోని చీటీ మీద ఆ మాట రాసి చూపించమంది. రాశాను. గుండ్రటి ఆ రెండక్షరాలనీ చాలాసేపు చూసింది. ఆ తర్వాత నేనెప్పుడు వెళ్లినా మెల్లగా "నావా" అని పలకరించేది. నా పేరు పలకడం కంటే అదే తేలికనిపించిందేమో.

ఆ చర్చి గురించి నాకు తెలిసిందంతా ముక్కలు ముక్కలుగా ఆ పెద్దావిడ దగ్గరా, ఆవిడలాంటి ఇంకొందరి దగ్గరా తెలిసిందే. ఓల్డ్ సెయింట్ పాల్స్ అంటారు. 1865 ఆగస్టులో గవర్నర్ జార్జ్ గ్రే పునాది రాయి వేశాడు, 1866 జూన్ 6న ప్రతిష్ఠ జరిగింది. ఆక్లాండ్ నుంచి రాజధాని వెల్లింగ్టన్‌కి మారింది కూడా ఆ 1865లోనే. గీసినవాడు ఫ్రెడరిక్ థాచర్. ఇంగ్లండ్‌లో ఆర్కిటెక్టుగా చేసి, 1843లో న్యూజిలాండ్ వచ్చి, ఆ తర్వాత మతగురువు అయినాయన. 1860ల మొదట్లో ఈ థార్న్‌డన్ పేటలోనే సెయింట్ పాల్స్ గురువుగా ఉన్నాడు. అంటే తను ప్రసంగం చెప్పే చోటు ఎలా ఉండాలో తెలిసినవాడే దాన్ని గీశాడన్నమాట. మన దగ్గర ఇంటి ప్లాన్ గీసేవాళ్లు ఒక్క రోజైనా వంటింట్లో నిలబడి ఉంటే ఎంత బాగుండునో అని నాకు అప్పుడే కాదు, ఇప్పుడూ అనిపిస్తుంటుంది.

ఆయన కళ్ల ముందున్నది ఇంగ్లండ్‌లోని గోథిక్ గుళ్లు. కోసుదేరిన కమానులు, రంగు అద్దాలు, ఆకాశానికి ఎగబాకే కప్పు. అవన్నీ రాతితో పుట్టిన రూపాలు. ఇక్కడ రాయి పెడితే కుదరదు. 1848లో భూకంపాలొచ్చి ఊళ్లో ఇటుక కట్టడాలు బీటలిచ్చాయి. జనం చాలామంది కర్రకి మారారు. 1855 జనవరి 23 రాత్రి వైరరాపా భూకంపం వచ్చింది, తీవ్రత 8.2 దాకా ఉంటుందంటారు. పొగగొట్టాలు కూలాయి గానీ అంత పెద్ద భూకంపానికి ఊళ్లో పోయిన ప్రాణాలు అతి తక్కువ. కర్ర ఇళ్లు ఊగి ఊరుకున్నాయి. పదేళ్ల తర్వాత చర్చి కట్టేవాడికి ఇక వేరే ఆలోచన ఎందుకొస్తుంది? రాతి రూపాన్ని కర్రలోకి దించాడు థాచర్.

నన్నడిగితే అసలు గొప్పతనం అక్కడుంది. రాతి గుడిని కర్రతో అనుకరించలేదాయన. అనుకరిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికి ఐదు నిమిషాల నడకలో, లాంబ్టన్ క్వే మీద, పాత ప్రభుత్వ కార్యాలయ భవనం ఉంది. 1876లో పూర్తయింది. ప్రపంచంలోని అతి పెద్ద చెక్క కట్టడాల్లో ఒకటి. దూరం నుంచి చూస్తే ఇటలీలో రాతి మేడ. దగ్గరకెళ్లి గోడని తాకితే తప్ప కర్రని తెలీదు, మూలల్లో రాతి దిమ్మల ఆకారాలు కూడా కర్రతోనే చెక్కారు. పనితనం గొప్పదే, కాదనను. కానీ తాతయ్యకి చూపిస్తే "కర్రకి రాయి వేషం ఎందుకేశారమ్మా" అనేవారని నాకు గట్టి నమ్మకం. చర్చిలో అయితే కర్ర కర్రలాగే ఉంది. గాలిని ఎటు తోయాలో, బరువుని ఏ అతుకు మీదుగా కిందికి దించాలో మొత్తం కళ్లకి కనపడుతుంది. దాచిందేమీ లేదు.

కర్రలు నాలుగు రకాలు, అన్నీ ఆ దేశపు చెట్లే. రిము, మటాయి, టోటారా, కౌరి. మొదట్లో ఈ పేర్లు నాకు నోరు తిరిగేవి కాదు. చివరి రెండింటి గురించి తెలిశాక మాత్రం మర్చిపోలేదు. ఆ దేశపు మూలవాసులైన మావోరీలు తమ పెద్ద పడవలకి కోరి వాడింది టోటారా. నిటారుగా పెరుగుతుంది, చెక్కడానికి లొంగుతుంది, తొందరగా పుచ్చదు. కౌరి ఉత్తరాది అడవుల చెట్టు. మొదట్లో ఇంగ్లీషు వాళ్లు దాని కోసం ఎగబడింది ఓడల తెరచాప కొయ్యల కోసం. వెల్లింగ్టన్ చుట్టుపక్కల అడవుల్లో అది తనంతట తాను పెరగదు, సముద్రం మీద రావాల్సిందే. అంటే ఆ చర్చిలో పడవ కావాల్సిన చెట్లు రెండున్నాయి. ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ, "ఆ చెట్లకి తెలిసే ఆ ఆకారం వచ్చిందేమోనే" అంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పేట అసలు పేరు పిపిటియా. ఇంగ్లీషు వాళ్లు రాక ముందు నుంచీ అక్కడ మావోరీల ఊరు, పిపిటియా పా, ఉండేది. సముద్రం కూడా అప్పుడు అక్కడి దాకానే. లాంబ్టన్ క్వే, థార్న్‌డన్ క్వే అని వీధుల పేర్లు. క్వే అంటే ఓడలు ఆగే గట్టు. ఇప్పుడు ఆ వీధుల్లో నిలబడితే బట్టల షాపులూ బస్సులూ తప్ప నీటిచుక్క కనపడదు. 1855 భూకంపానికి తీరం మీటరున్నర దాకా పైకి లేచింది, మిగతాది మనుషులు మట్టి పోసి పూడ్చారు. పడవలు లాగిన గట్టు మీద జనం రొట్టెలు కొనుక్కుంటుంటారు. చర్చి కట్టినవాళ్ల భక్తి నిజమే, ఆ నేల అంతకు ముందు ఇంకొకళ్లదన్నదీ నిజమే. చర్చి చూపించేవాళ్లు ఆ రెండో మాటని మింగేయకుండా చెప్పడం నాకు నచ్చింది.

ఊరు పెరిగే కొద్దీ చర్చి కూడా పెరిగింది. 1868లో ఒక పక్క రెక్క, 1874లో రెండో పక్క, ఆ తర్వాతా అప్పుడో గది ఇప్పుడో వసారా. మన ఇళ్లల్లో పెళ్లయిన కొడుక్కి ఒక గది దింపినట్టు. జాగ్రత్తగా చూస్తే అతుకులు తెలుస్తాయి. కొన్ని చోట్ల కర్ర రంగు ఒక వీసం తేడా.

గాలి రోజుల గురించి చెప్పకపోతే ఎలా. ఆ పెద్దావిడే చెప్పింది, "మంచి గాలి రోజు చూసి రా, మాట్లాడకుండా కూర్చో" అని. వెళ్లాను. బయట చెట్లు వంగిపోతున్నాయి. లోపల మొదట నిశ్శబ్దం. తర్వాత పైన ఎక్కడో కిర్రు మంది. దానికి జవాబుగా అవతలి పక్క నుంచి ఇంకోటి. కాసేపటికి కప్పంతా సన్నగా మూలగడం మొదలెట్టింది. పక్కన కూర్చున్న పర్యాటకులు భయంభయంగా లేచి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఎక్కడలేని ధైర్యం వచ్చింది. 1996 నవంబరు తుఫాను రాత్రి మేం తాళ్లరేవులోనే ఉన్నాం. తాతయ్యగారి పెంకుటిల్లు రాత్రంతా ఇలాగే మూలిగింది. దూలాలు కిర్రుమంటుంటే నేను ఏడ్చాను. తాతయ్య నన్ను ఒళ్లో పెట్టుకుని, "అరుస్తున్నంతసేపు ఫరవాలేదమ్మడూ. నావ కూడా అంతే, అరవకుండా బిగుసుకుందనుకో, అప్పుడు దడ" అన్నారు. పెంకులు సగం లేచిపోయాయి. దూలాలు, వాసాలు కదల్లేదు. ఊళ్లో ఆ రాత్రి అందరికీ అలా జరగలేదు, అది వేరే రాయాల్సిన కథ.

2013 ఆగస్టు 16న, శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి, ఆఫీసులో నా బల్ల కింద దూరి ఉన్నప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. భూకంపం, తీవ్రత 6.6. నాలుగో అంతస్తు అటూ ఇటూ ఊగుతుంటే మా బాస్ తన మానిటర్‌ని చంటిపిల్లాడిలా కావలించుకుని కూర్చున్నాడు. ఆపైన 2016 నవంబరు 14, అర్ధరాత్రి దాటి రెండు నిమిషాలకి కైకోరా భూకంపం, 7.8. ఆ రాత్రి సునామీ వస్తుందని కొండెక్కిన వాళ్లలో నేనూ ఉన్నాను, పైజమా మీద కోటు వేసుకుని. రేవు పక్కన పదేళ్ల కిందటే కట్టిన ఒక పెద్ద ఆఫీసు భవనంలో అంతస్తుల నేలలే కొన్ని చోట్ల కూలిపోయాయి. అదృష్టం, అర్ధరాత్రి కాబట్టి లోపల మనుషుల్లేరు. రోడ్లకి అడ్డంగా పసుపు టేపులు కట్టారు. మల్‌గ్రేవ్ స్ట్రీట్‌లోకి మళ్లీ నడిచిన రోజున ముందు చూసింది చర్చి శిఖరమే. ఉంది. నూట యాభై ఏళ్ల కర్ర, అలాగే ఉంది. తలుపు దగ్గర ఎవరూ లేరు, కనక ఒకసారి గోడని తట్టాను కూడా.

భూకంపాలకి పడనిది కాస్తా మనుషుల చేతిలో పడిపోవాల్సింది ఒకసారి. మోల్స్‌వర్త్ స్ట్రీట్‌లో కొత్త కెథడ్రల్‌కి, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చికి, 1954లో ఎలిజబెత్ రాణి పునాది రాయి వేసింది. కాంక్రీటుది, చాలా పెద్దది, 1964లో తెరిచారు. కొత్త ఇల్లు కట్టుకున్నాక పాతదాన్ని ఏం చేస్తారు? కొట్టేద్దామనే అనుకున్నారు. ఊళ్లో జనం రెండుగా చీలి ఏళ్ల తరబడి వాదించుకున్నారు. సంతకాలు, సభలు, పత్రికలకి ఉత్తరాలు. చివరికి 1967లో ప్రభుత్వం చర్చిని కొనేసింది, నెమ్మదిగా బాగుచేయించింది. ఇప్పుడు వారసత్వ సంస్థ చేతిలో ఉంది. ఆదివారం ప్రార్థనలు జరిగే పారిష్ కాదిప్పుడు గానీ పవిత్రత తీసేయలేదు. పెళ్లిళ్లు, అంత్యక్రియలు, కచేరీలు జరుగుతుంటాయి. తమాషా ఏమిటంటే ఆ కాంక్రీటు కెథడ్రల్‌కి కూడా కర్ర లేకుండా తోచలేదో ఏమో, పారాపరాయుము అనే ఊళ్లో 1905లో కట్టిన చిన్న చెక్క చర్చిని 1990లో తెచ్చి తన పక్కన చాపెల్‌గా, అంటే చిన్న ప్రార్థన మందిరంగా, పెట్టుకుంది. కర్ర కట్టడంతో సుఖం అదీ, ఊరు మార్చచ్చు.

కాపాడాలని అరిచినవాళ్ల గురించి విన్నప్పుడల్లా తాళ్లరేవు గుర్తొచ్చి ఒళ్లు మండేది. ఫైబర్ బోట్లు వచ్చాక కర్ర నావ అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పటికీ కొంతమంది చేస్తున్నారు, మొత్తం పోలేదు. తాతయ్య చేసిన ఆఖరి నావని మాత్రం కొన్నవాళ్లు కొన్నాళ్లు తిప్పి, గట్టున పారేసి, కడకి ముక్కలు కొట్టించి వంటచెరకు కింద అమ్మేశారు. అది తాతయ్య పోయిన తర్వాతి సంవత్సరం, 2004లో. ఎవరూ సంతకాలు సేకరించలేదు. నేను కూడా ఇంజనీరింగ్ కాలేజీలో సీటు గొడవలో ఉన్నాను.

2017 ఫిబ్రవరిలో అమ్మ వచ్చింది, నా దగ్గర నెల రోజులుండడానికి. ముందు పార్లమెంటు, తర్వాత కేబుల్ కారు, తర్వాత పక్షులు. చర్చిని కావాలనే చివరికి దాచాను. గేటు దగ్గర నిలబడి, "ఇంత మంచి కర్రకి బయట తెల్లరంగేమిటే, ఖర్మ" అంది. తలుపు దగ్గర చెప్పులు విప్పేసింది. అక్కర్లేదమ్మా అన్నాను. "నువ్వు ఊరుకో" అని లోపలికి నడిచింది. బల్ల దగ్గరున్న పెద్దావిడ ఆ చెప్పుల్ని చూసి, ఏమీ అనకుండా లేచి, అవి ఎవరి కాళ్లకీ తగలకుండా పక్కకి జరిపి పెట్టింది.

అమ్మ పైకి చూడలేదు ముందు. వంగి నేలని అరచేత్తో రాసింది, తర్వాత బల్ల అంచు, తర్వాత స్తంభం. అతుకు కనపడ్డ చోటల్లా ఆగింది. రెండో ప్రపంచ యుద్ధంలో వెల్లింగ్టన్ దగ్గర దిగిన అమెరికా మెరైన్ల జెండాలు అక్కడ వేలాడుతుంటాయి. ఆ సైనికులు ఇక్కణ్ణుంచే 1943లో తరావా ద్వీపానికి వెళ్లారు, చాలామంది తిరిగి రాలేదని నేను చెబుతుంటే ఊ కొడుతోంది గానీ కళ్లు మాత్రం ఆ జెండా కర్ర గోడకి ఎలా బిగించారన్న దాని మీదే. అప్పుడు తలెత్తింది. చాలాసేపు దించలేదు. మెడ నొప్పి పుడుతుందమ్మా అన్నా వినలేదు.

"ఇన్ని కర్రలు ఒకే కొలతకి ఎలా తెచ్చారే? మీ తాతయ్యకి రెండు కర్రలు జత కుదర్చడానికి నెల పట్టేది."

ఇక్కడ వంపు చెట్టులో దొరికింది కాదు, చేసిందని చెప్పాను. "అదీ సంగతి" అంది, తాతయ్య పరువు నిలబడినట్టు.

బయటికొస్తూ చెప్పులు వేసుకుంటుంటే అంది, ఏదో మామూలు మాట చెబుతున్నట్టు. "మన పాతింటి వంటింటి తలుపు గుర్తుందా నీకు? సన్నగా బెజ్జాలుండేవి, గుగ్గిలం పెట్టి పూడ్చి. అది పాత నావ పలకే. నాన్న తన మొదటి నావ పాడైపోతే అందులోంచి మంచి పలకలు ఏరి తలుపు చేశాడు."

నాకు తెలీదు. ఆ తలుపుని నేను వందసార్లు కాలితో తన్ని తీసుంటాను. చేతిలో పాలగిన్నె ఉంటే ఇంకేం చేస్తాం? ఆ బెజ్జాల్లో గోరు పెట్టి గీకిన రోజులు కూడా ఉన్నాయి. అవి పడవ మేకులు ఊడదీసిన చోట్లని ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. పాతింటిని పడగొట్టి శ్లాబు వేసి పదేళ్లు దాటింది అప్పటికే. తలుపు ఏమైందమ్మా అంటే, "ఏమో, మీ మామయ్యనడగాలి" అంది. స్టేషన్ దాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. గాలి మాట్లాడనివ్వదు కూడా.

నేను 2018లో హైదరాబాదు వచ్చేశాను. మరుసటి ఏడాది చర్చిని భూకంపాలకి ఇంకా గట్టిగా నిలబడేలా చేయడానికి మూసి, 2020లో మళ్లీ తెరిచారు. కొత్త ఫొటోలు చూశాను. లోపల మార్పేమీ కనపడలేదు, కనపడకుండా చేయడమే అక్కడ పని కాబోలు. తలుపు దగ్గర బల్ల అలాగే ఉంది. బల్ల దగ్గర వేరే ఎవరో ఉన్నారు.

ఆ రోజు ఫొటోలు అమ్మకి పంపాను. జవాబు రాలేదు. ఆ వారమే తను తాళ్లరేవు వెళ్తోందని నాకు తెలీదు. ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. మామయ్య ఇంటి వెనక, నీళ్ల ట్యాంకు పక్కన, కొబ్బరి మట్టల కింద అడ్డంగా పడున్న ఒక తలుపు. మీద సున్నం మరకలు, కోళ్ల రెట్టలు. ఫోన్ చేశాను. అమ్మ ఎత్తగానే అంది, "చెద పట్టలేదే. తట్టి చూశాను. ఉండు, నువ్వూ విను." ఫోన్ కింద పెట్టిన చప్పుడయింది, మట్టలు జరిపిన చప్పుడయింది. తర్వాత మూడు దెబ్బలు, ఒకదాని తర్వాత ఒకటి, ఖణేల్‌మని.

"ఇంకోసారి తట్టమ్మా" అన్నాను.